నా చీరకు కుచ్చులు

జూన్ 9, మంగళవారం. రాగులు ఎండబెట్టాను, బట్టలు ఉతికాను, రెండు పూటలా వంట అయింది. పక్కింటి సరోజక్కకు మొదటిసారి కుదరదని చెప్పాను.

మూడు చీరలు తెచ్చి కొంగులకు కుచ్చులు కట్టమంది. "ఈ వారం కాదక్కా" అన్నాను. "ఇంగ నువ్వు ఆఫీసరమ్మవి అయిపోయినావు!" అంటూ వెళ్లిపోయింది. కోపం వచ్చిందో ఏమో...

సాయంత్రం మిద్దె మీద, నాలుగేళ్ల కిందట పెళ్లిరోజుకు ఆయన కొనిచ్చిన చీర ఒళ్లో పరుచుకున్నాను. వీధిలో అందరి చీరలకూ కట్టాను గానీ దీనికే తీరిక దొరకలేదు. దూరంగా బంగారు గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ ఎండకు తేనె రంగుకు తిరిగింది. ఎర్ర దారాలు ముడేస్తుంటే ఆ వెలుగే వేళ్ల మధ్య జారుతున్నట్టుంది.

పక్క మిద్దె నుంచి సరోజక్క, "ఎరుపు బాగుండాదమ్మా, నాకూ నేర్పియ్యి!" అని కేకేసింది. నవ్వాను, ఎప్పుడని చెప్పలేదు.

ఈ చీరకు బాకీ ఉన్న సాయంత్రం, చెల్లు.