ముక్కాలిపీట

బంగారం లాంటి మా నికాయక్కకు,

నువ్వు పంపిన గొర్రెతోలు కోటు అందింది. మీ అత్తవారి త్రేసు దేశంలో మగవాళ్లు ఇంత లావుగా ఉంటారా? అందులో నాలాంటివాళ్లు ఇద్దరు పడతారు. బావగారి గుర్రాలెలా ఉన్నాయో అడిగానని చెప్పు, సంతోషిస్తాడు.

ఇక్కడ కొండల మీద మంచు ఇంకా కరగలేదు. నాన్నకు బాగాలేదు. కాళ్లు మోకాళ్ల దాకా ఉబ్బాయి. రాజు లేవలేకపోతున్నాడన్న సంగతి సైన్యానికి తెలియకూడదని, సాయంత్రమయ్యేసరికి మోసుకొచ్చి భోజనశాలలో పాన్పు మీద ఒరగబెడుతున్నారు. ఏమీ తినడు. ఊరికే అందరినీ చూస్తూ ఉంటాడు. నన్నే ఎక్కువ చూస్తాడు.

నేనింకా ఆ ముక్కాలిపీట మీదే కూర్చుంటున్నానక్కా. చెవుల దగ్గర వెంట్రుకలు నెరుస్తున్నాయి, అయినా పీట దిగలేదు. వల పన్నకుండా ఒక్క ఈటెతో అడవిపందిని పొడిచినవాడే మన ఇంట్లో మగవాడు. వాడే పాన్పు మీద ఒరిగి తినాలి, మిగిలినవాళ్లంతా పిల్లల కింద లెక్క. మొన్నటిదాకా ముక్కు చీదుకుంటూ తిరిగినవాళ్లు ఇప్పుడు నా ఎదురుగా మోచేతులు ఆనించి పడుకుని నా మీదికి బొమికలు విసురుతున్నారు. "మఖాతాస్ బాబూ, పాలు తాగావా? ఇంకా పడుకోలేదేం నాన్నా?" అంటారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వుతాను. నవ్వడం నువ్వు నేర్పిందేగా.

అమ్మ చనిపోయిన ఏడాది నువ్వు నన్ను గుర్రాలశాల వెనక్కి తీసుకెళ్లి నా చేత ఒట్టు వేయించుకున్నావు. "పందిని మాత్రం చంపకురా. చంపావంటే సైన్యం నిన్నూ లెక్కలోకి తీసుకుంటుంది. నాన్న పోయాక వాళ్లు ఎవరి పేరు గట్టిగా అరిస్తే వాడే రాజు. అప్పుడు అన్నయ్య నిన్ను బతకనివ్వడు. బాబాయి ఏమయ్యాడో చూశావుగా" అన్నావు. చూశాను. బాబాయి పందిని పొడిచి పాన్పెక్కిన వేసవిలోనే హాలియాక్మోన్ నదిలో మునిగిపోయాడు. చేపలా ఈదే మనిషి. నాన్న తల గొరిగించుకుని తమ్ముడి కోసం ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, నాకు ఇప్పటికీ భయం వేసేది అందుకే.

నీ మాట విని ప్రాణాలతో ఉన్నాను. కానీ అక్కా, ఈ మధ్య మన దళపతి అరిబాస్‌ను కూతుర్ని నాకిమ్మని అడిగాను. నాన్నకు చెప్పకుండా నేనే వెళ్లి అడిగాను. "పీట మీద కూర్చుని తినే పిల్లాడికి నా కూతురెందుకయ్యా? ముందు దాదిని చూసుకో" అన్నాడు అరిబాస్. తెర వెనక ఆ అమ్మాయి కూడా నవ్వింది. ఆ నవ్వు విన్నప్పటి నుంచీ తిండి సహించడం లేదు. ఈటె విసరడంలో ఈ రాజ్యంలో నన్ను మించినవాడు లేడు, ఆ సంగతి అడవిలో మోడులకు తప్ప ఎవరికీ తెలియదు. నన్ను ఆ ఒట్టు నుంచి విడిచిపెట్టవా? ఆలోచించి రాయి.

నీ పీట మీది తమ్ముడు,
మఖాతాస్

అక్కకు,

తిట్టకుండా చదువు. నీ జవాబు రాకముందే పందిని చంపాను.

ఎప్పటిలాగే వలలు మోయడానికి అన్నయ్య నన్ను వేటకు తీసుకెళ్లాడు. చెస్ట్‌నట్ చెట్ల కింద కుక్కలు ఒకవైపు పోతే పంది ఇంకోవైపు నుంచి వచ్చింది. అన్నయ్య పొడిచాడు, ఈటె విరిగింది, తడి ఆకుల మీద జారి వెల్లకిలా పడ్డాడు. పంది మళ్లీ వాడి మీదికి తిరిగింది. దగ్గర్లో నేను తప్ప ఎవరూ లేరు. "చిన్నోడా, పొడువు" అన్నాడు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని నది దాటించే రోజుల్లో అలా పిలిచేవాడు. ఆ తర్వాత మళ్లీ అప్పుడే విన్నాను.

నేను ఆగానక్కా. నీకు గాక ఎవరికి చెప్పుకోను? ఈటె ఎత్తి ఆగాను. వాడు పోతే రాజ్యం నాదన్న ఆలోచన రాలేదు, అమ్మ మీద ఒట్టు. నీ మాటే గుర్తొచ్చింది. దీంతో పొడిస్తే నేను చచ్చినట్టే అనుకున్నాను. పక్కన నేను పడేసిన వల కోసం చూశాను. వల వేసి పడితే అది వేటే కాదు, నన్నెవరూ లెక్కపెట్టరు, అన్నయ్యా బతుకుతాడు, నేనూ బతుకుతాను. వల ముళ్లకంపకు చుట్టుకుపోయి ఉంది. ఇక చేసేదేముంది, పొడిచాను. మెడ కింద దిగింది.

అది పడిపోయాక, "అన్నయ్యా, నువ్వే చంపావని చెబుదాం" అన్నాను. చాలాసేపు నా మొహంలోకి చూశాడు. "నాకెందుకురా? నాకు పాన్పు ఉందిగా" అని నన్ను భుజానికెత్తుకున్నాడు. కుంటుకుంటూనే మోశాడు. వాడే గుడారాల దగ్గర నిలబడి అందరికీ చెప్పాడు. సైన్యం నా పేరు అరిచింది. నాన్న నా తల నిమిరి, అలెగ్జాండరు వెంట తాత సింధు నది దాకా మోసుకెళ్లి తెచ్చిన ఈటె నాకిచ్చాడు. అరిబాస్ తనంతట తనే వచ్చి కూతురి మాట ఎత్తాడు. నేను వెంటనే ఒప్పుకోలేదులే, కాస్త బెట్టు చేశాను.

రేపు విందు. నా పాన్పు అన్నయ్య పాన్పు పక్కనే వేయిస్తున్నారు, దిండు కూడా వాడే ఏరి పంపాడు. మనం వాడి గురించి ఇన్నాళ్లూ తప్పుగా అనుకున్నామేమో అక్కా. నీకు కోపం వస్తుందని తెలుసు, అయినా చాలా సంతోషంగా ఉన్నాను. ఒకటే చిక్కు, ఒరిగి తినడం నాకు రాదు. గదిలో పొద్దున్నించీ సాధన చేస్తున్నాను, చెయ్యి తిమ్మిరెక్కుతోంది.

నీ తమ్ముడు, ఇక మగవాడు,
మఖాతాస్

చెల్లెలు నికాయకు,

మన తమ్ముడు పోయాడు. జ్వరమని చెప్పాం. నీకూ అలాగే రాయమని పెద్దలు ఒక ఉత్తరం తయారుచేసి ఇచ్చారు. దాన్ని పొయ్యిలో వేసి ఇది నా చేత్తో రాస్తున్నాను.

విందులో వాడు తప్పు మోచేతి మీద ఒరిగాడు, నాకు వీపు పెట్టి. అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. నేనే లేచి ఇటు తిప్పి దిండు సర్దాను. సారా గిన్నె నా చేత్తోనే ఇచ్చాను. "ఈ చెయ్యి ఊరికే తిమ్మిరెక్కుతోంది అన్నయ్యా, ఎప్పటికి అలవాటవుతుంది?" అన్నాడు. "అవుతుందిలే, తాగు" అన్నాను.

సైన్యం వాడి పేరు అరిచిందనే ఈ పని చేశానని ఇక్కడ గుసగుసలు. అనుకోనీ. పీట మీద ఎందుకు కూర్చుంటున్నాడో, కూర్చోమన్నది ఎవరో నాకు మొదటినుంచీ తెలుసు. జుట్టంతా నెరిసేదాకా కూర్చోనిచ్చేవాణ్ణి. పాన్పెక్కినా ఓర్చుకునేవాణ్ణేమో. కానీ వాడు ఆగాడు నికాయా. పంది నా మీదికి వస్తోంది, వాడు ఈటె ఎత్తి ఆగాడు. నా వంక చూడకుండా పక్కకు చూశాడు. నేను చస్తే తనకేమొస్తుందో చూసుకుంటున్నాడని అప్పుడే అనుకున్నాను. అలా ఆగినవాణ్ణి పక్కన పెట్టుకుని ఎలా నిద్రపోను?

ఇప్పుడూ నిద్ర లేదు. తల గొరిగించుకున్నాను. నాన్న నాతో మాట్లాడడం మానేశాడు, నా గొరిగిన తల చూసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. వాడు నీకు ఏదీ దాచకుండా రాసేవాడు. ఎందుకు ఆగాడో రాశాడా? రాజ్యం కోసమే అని రాసి ఉంటే ఆ ఒక్క ముక్క చెప్పు, చాలు. ఇంకేదైనా సరే, చెప్పు. నిన్ను బతిమాలుకుంటున్నాను.

అన్న,
అల్కెతాస్

అల్కెతాస్ అన్నయ్యకు,

నీ ఉత్తరం అందింది. అంతకు ముందే వాడిదీ అందింది.

ఆ ముక్కాలిపీట ఎవరికీ ఇవ్వకు, నాకు పంపు. నా కొడుకును దాని మీద కూర్చోబెడతాను.

ఎందుకు ఆగాడో రాశాడు. పక్కకు దేనికోసం చూశాడో కూడా రాశాడు. నీకు చెప్పను.

మీ ఇద్దరికీ తోబుట్టువు,
నికాయ