గ్లాసు మీద పేరు

శుక్రవారం

గెజిట్‌ల పేరు అచ్చయింది. ఇగ సర్కారుకు నేను రమేష్‌ను కాదు, రాధికను. అమ్మకు చూపిస్తే చదివి, మడిచి పక్కకు పెట్టింది.

ఒకటో తరగతిల చేరిననాడు బాపు హుస్సేనీ ఆలం బజార్ల స్టీలు గ్లాసు కొని, దాని మీద నా పేరు కొట్టించిండు. దుకాణపాయన టకటక కొడుతుంటే బాపు ఏలు పట్టుకొని చూసుకుంట నిలబడ్డ. బాపు పోయినంక గూడ నా చాయ్ దాంట్లనే.

సాయంత్రం చూస్తే గ్లాసు లేదు. అమ్మ పారేసిందేమో అని చెత్తడబ్బా గూడ ఎతికిన. అంతలనే అమ్మ బజార్ నుంచి వచ్చి గ్లాసు నా చేతిల పెట్టింది. రమేష్ కింద రాధిక అని కొత్తగ మెరుస్తుంది.

"మీ బాపు కొట్టించింది చెరపబుద్ధి కాలే" అన్నది. "ఇద్దరు పిల్లలా అని అడిగిండు దుకాణపాయన. కాదు, ఒక్కతే బిడ్డ అని చెప్పిన."