ఆ వేషం వదిలేశాను

నోలుండి అక్కా,

కూడు పెడుతున్న వేషాన్ని ఎందుకు వదిలేశావని అడిగావు. ఏడాదిలో ముగియాల్సిన సీరియల్‌ను, నా ఏడుపు జనానికి నచ్చిందని ఏళ్ల తరబడి సాగదీశారు. అమ్మను పూడ్చిన రోజు నేను ఏడుస్తుంటే, పక్కింటి మాజోలా పిన్ని "అచ్చం టీవీలో లాగే ఏడుస్తోందే" అంటూ ఫోన్ ఎత్తి వీడియో తీసింది. నా ఏడుపు అక్కడే ఆగిపోయింది.

జోహానెస్‌బర్గ్ తిరిగొచ్చాక డైరెక్టర్ నా భుజం తట్టి, "అమ్మ పోయింది కదమ్మా, ఇవాళ సీను బ్రహ్మాండంగా వస్తుందిలే" అన్నాడు. నిజంగానే వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. అవి ఆగకముందే మొహం కడుక్కుని వచ్చేశాను.

వచ్చే వారం కథలో నన్ను కారు ప్రమాదంలో చంపేస్తారట. మన వీధివాళ్లు నీ దగ్గరికొచ్చి కన్నీళ్లు పెట్టుకుంటారు. టీ ఇచ్చి పంపించు. అమ్మ కోసం ఇంతగా ఏడవలేదేమని మాత్రం అడగకు.

నీ చెల్లెలు