మారని నీలం

మయూర్ విహార్,
ఢిల్లీ, మంగళవారం

ప్రియమైన నాన్నగారికి,

ఫోన్లో నేను అరవడం, మీరు "ఏమిటీ?" అనడం ఇద్దరికీ ఆయాసమే. చెవి మిషన్ పెట్టుకోనన్నారు కనక ఉత్తరమే రాస్తున్నాను.

ప్లేస్కూల్లో పిల్లలకి రంగులు కలపడం నేర్పిస్తున్నాను. బ్రష్షులిచ్చినా ఎవరూ ముట్టుకోరు, అందరికీ వేళ్ళే కావాలి. ఎరుపూ పసుపూ కలిసి నారింజ అవగానే, నేహా అనే పిల్ల తన వేలు అందరికీ చూపిస్తూ క్లాసంతా తిరిగింది.

మీ మనవడు దీపు కూడా నా క్లాసే కదా. నిన్న నీలంలో ఎరుపు కలిపించాను. పిల్లలంతా "పర్పుల్ హో గయా" అని గంతులేస్తుంటే, వీడు గిన్నెలోకి చూస్తూ "నాది అవలేదు" అన్నాడు. చక్కటి ఊదా రంగు కళ్ళెదురుగా ఉంది. "వచ్చిందిగా" అన్నాను. "లేదు, నీలంగానే ఉంది" అంటూ ఎరుపు ఇంకా ఇంకా పోశాడు. మొండికేస్తున్నాడని అందరి ముందూ కసిరాను. ఇంటికొచ్చి అన్నం తినలేదు.

నెలాఖరున తల్లిదండ్రుల ముందు పిల్లలు రంగులు కలిపి చూపించాలి. వీణ్ణి కూర్చోబెట్టాలా, వద్దా?

మీ కస్తూరి

జనక్‌పురి,
గురువారం

చిరంజీవి కస్తూరికి,

వాణ్ని కసరకు. లేత గులాబీ కాగితం, బూడిద రంగు కాగితం పక్కపక్కన పెట్టి చూపించు. రెండూ ఒకటే అంటే కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. కంగారు పడకు. ఆయన ఏమన్నారో రాయి.

అమ్మ నీకు గోంగూర పచ్చడి చేసి ఉంచింది.

ఆశీస్సులతో,
నాన్న

మయూర్ విహార్,
ఆదివారం

ప్రియమైన నాన్నగారికి,

రెండు కాగితాలూ ఒకటే అన్నాడు. డాక్టరు చుక్కల బొమ్మలు చూపించి, ఎరుపు, ఆకుపచ్చ సరిగా తెలియవన్నారు. మందు లేదట. చూపుకి వేరే లోటేమీ లేదట. తల్లి వైపు నుంచి వస్తుందన్నారు.

అంటే నేనే ఇచ్చాను కదా నాన్నగారూ. పిల్లలందరూ గంతులేసిన చోట వాడికి ఏమీ జరగలేదు. నేను కోప్పడ్డాను. అది తలుచుకుంటే మనసు మనసులో లేదు.

ఆ కాగితాల సంగతి మీకెలా తెలుసు?

మీ కస్తూరి

జనక్‌పురి,
బుధవారం

చిరంజీవి కస్తూరికి,

ఆ కళ్ళు నావి. నీ చేతుల మీదుగా వాడికి చేరాయి, అంతే.

కుర్రతనంలో రైల్వే గార్డు ఉద్యోగానికి రాతపరీక్ష పాసై, కళ్ళ పరీక్షలో వెనక్కొచ్చాను. అప్పటిదాకా నాకే తెలియదు. కొన్నాళ్ళు బాధపడ్డాను. తరవాత ఢిల్లీలో గుమాస్తా పని దొరికింది, మీ అమ్మ దొరికింది. పెళ్ళైన కొత్తలో పచ్చిమిరపకాయలు తెమ్మంటే ఎర్రటి పండు మిరపకాయలన్నీ ఏరుకొచ్చాను. అప్పట్నించీ కూరలు ఆవిడ ఏరుతుంది, నేను సంచీ మోస్తాను. నీ దగ్గర దాచింది కాదమ్మా. రోజులు ఎంత హాయిగా గడిచాయంటే, చెప్పాలన్న సంగతే గుర్తు రాలేదు.

లేత, ముదురు తేడాలు మాత్రం నాకు బాగా పట్టుబడ్డాయి. ఆదివారం మెట్రో ఎక్కి వాణ్ని తీసుకురా. నీలం, తెలుపు కొని ఉంచుతాను. ఇద్దరం బాల్కనీలో కూర్చుంటాం.

ఆశీస్సులతో,
నాన్న

మయూర్ విహార్,
శనివారం

ప్రియమైన నాన్నగారికి,

ఇవాళ తల్లిదండ్రుల ముందు దీపుని కూర్చోబెట్టాను. మీ బాల్కనీలో నేర్చుకున్నట్టే నీలంలో తెలుపు కొంచెం కొంచెంగా కలుపుతూ, కాగితం ఈ చివర నుంచి ఆ చివరికి వరసగా వేసుకుంటూ పోయాడు. ఒకచోట పక్కపక్క మచ్చలు రెండూ నాకు ఒకేలా కనిపించాయి. "కాదు, ఇది లేత" అన్నాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూస్తే నిజమే.

ఎవరి నాన్నో "బేటా, ఎరుపు కలపవా?" అని అడిగారు. వాడు తల కూడా ఎత్తకుండా, "నాకు ఎరుపు సరిగ్గా తెలీదు అంకుల్. మేరీ ఆంఖే తాతయ్య వాలీ హై" అన్నాడు. తన కళ్ళు తాతయ్యవని, కొత్త బూట్ల సంగతి చెప్పినంత గొప్పగా.

నేహా వెంటనే వాళ్ళమ్మ వైపు తిరిగి, "నా కళ్ళు ఎవరివి?" అంది. ఇక అందరికీ అదే ప్రశ్న. తల్లులూ తండ్రులూ ఆ బుల్లి కుర్చీల్లో కూర్చుని, పిల్లల మొహాలు చేతుల్లోకి తీసుకుని, కళ్ళలోకి చూడటం మొదలుపెట్టారు. రంగులు గిన్నెల్లోనే ఎండిపోయాయి.

మీ కళ్ళు మోసుకొచ్చిన,
కస్తూరి