గులాబి రంగు కూడు

మార్చి 20, బుధవారం. విరుదునగర్

పొద్దున్నే కోవిల్‌పట్టి వెళ్ళి కర్రి నెత్తురు తెచ్చుకున్నాను. కర్రి మా రాక్కమ్మాళ్ అత్త పెంచే నల్ల పంది. నా థీసిస్‌కు జబ్బు లేని పంది నెత్తురు కావాలి. ఫారం పందులకైతే మూతికి ఉచ్చు వేసి నలుగురు పట్టాలి. అవి వీధంతా వినబడేలా అరుస్తాయి. కర్రికి అవేమీ అక్కర్లేదు. అత్త "కర్రీ, పండుకో" అని పొట్ట గోకితే చాలు, పక్కకి ఒరిగి కళ్ళు మూసుకుంటుంది. మెడ దగ్గర సూది గుచ్చినా కదల్లేదు.

ఆ నెత్తురు ఏం చేస్తావని అత్త అడిగింది. అందులో తెల్ల కణాలుంటాయని, వాటిని వేరుచేసి ప్లేట్‌లో పెంచుతానని, అవి బతికే ఉంటాయని చెప్పాను. వాటికి గులాబి రంగు నీళ్ళు పోయాలి, మీడియా అంటారు. అదే వాటి తిండి. తిన్నాయంటే రంగు పసుపుకు తిరుగుతుంది, అప్పుడు మార్చాలి. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పందికి కుడితి పెట్టనని పెద్ద సదువుకు పోతివి, అక్కడా పందికే కూడు పెడుతుండావా అంది. నిజమే కదా.

మార్చి 21

టెస్ట్ నెగెటివ్. కర్రి నెత్తురులో ఏ వైరస్సూ లేదు. సగం కణాలు ప్లేట్‌లో వేశాను. మిగతా సగం లిక్విడ్ నైట్రోజన్‌లో దాచాను.

మార్చి 26. రూమ్

ఈ డైరీ తెలుగులో రాసుకోవడం తిరుపతిలో చదివినప్పుడు అలవాటైంది. లిపి అక్కడే నేర్చుకున్నాను. నా మాట విని హాస్టల్ పిల్లలు "మా అవ్వ కూడా ఇలా మాట్లాడదే" అని నవ్వేవాళ్ళు. మాది తమిళనాడే అయినా ఇంట్లో అందరిదీ తెలుగే, చదవడం మాత్రం ఎవరికీ రాదు. అందుకని ఇక్కడ ఏమైనా రాసుకోవచ్చు.

ఇవాళ మైక్రోస్కోప్ కింద కర్రి కణాలు చూశాను. ప్లేట్ అడుగుకి అంటుకుని కాళ్ళు చాపాయి. ఇక వీటిని మాక్రోఫేజ్‌లు అనొచ్చు. ఒంట్లో ఇవి కావలివాళ్ళు. బయటిది ఏది కనబడినా మింగి అరిగించుకోవడమే వీటి పని. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వైరస్ సరిగ్గా వీటినే ఎంచుకుంది. తనను మింగనిస్తుంది. లోపలికి చేరాక అరగదు, అక్కడే పిల్లలు పెడుతుంది. ముందుగా కణం నోరు నొక్కేస్తుంది. దొంగ పడ్డాడని పక్క కణాలకు వినబడేలా వేసే కేకే ఇంటర్‌ఫెరాన్. ఆ కేక బయటికి రాదు. కంచే చేను మేసినట్టు, కావలి ఉన్నచోటే జబ్బు పెరుగుతుంది. మనుషులకు అంటదు. పందికి వస్తే మందు లేదు.

బతికున్న వైరస్‌ను మా లాబ్‌లో ఉంచకూడదు. దాని ప్రోటీన్ ఒకటి చిన్న వయల్‌లో వస్తుంది. అది వేసినప్పుడు కేక ఎంత తగ్గిందో కొలవాలి. అంతే నా థీసిస్. చెప్పడానికి ఒక్క ముక్క, చేసేసరికి జుట్టు నెరిసేలా ఉంది.

మార్చి 31, ఈస్టర్. కోవిల్‌పట్టి

అంతోణి చిన్నాయన ఏళాయిరంపన్నై నుంచి పంది మాంసంలో పంగు, అంటే వాటా, తెచ్చాడు. అత్తకూ మా నాన్నకూ ఆయన తమ్ముడు. పెళ్ళితో చర్చికి మారాడు, పండగకు పంది కోయడం మాత్రం మానలేదు. మావాళ్ళలో అన్నదమ్ముల ఇంట పంది తెగితే మొదటి పంగు తోబుట్టువుకే పోవాలి. పచ్చిమాంసంగానే పోవాలి. ఆమె తన చేత్తో కడగాలి. కడిగిన నీళ్ళు నేల మీద పారబోయకూడదు, తన పందుల తొట్టిలోనే పోయాలి. పుట్టింటి చలవ వాటికీ తగలాలని.

అత్త కడిగింది. తొట్టిలో పోసింది. కర్రి, దాని పిల్లలు తోసుకుంటూ వచ్చి తాగాయి. నేను గడప మీద కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తున్నాను.

కూర బాగుంది. నాన్న పోయాక ఇన్నేళ్ళలో అత్త అంత కులాసాగా కనబడింది ఇవాళే.

ఏప్రిల్ 9

అత్త ఫోన్ చేసింది. కర్రి పిల్లలు కుడితి ముట్టడం లేదట. ఎండదెబ్బ అనుకుంటోంది. చెవులు ఎలా ఉన్నాయని అడిగాను. నేరేడుపండు రంగుకు తిరిగాయంది.

ఏప్రిల్ 10. కోవిల్‌పట్టి, మధ్యాహ్నం

నేను వచ్చేసరికి రెండు పిల్లలు పోయాయి. మూడోది నా ముందే పోయింది. చర్మం కింద నెత్తురు మచ్చలు. శాంపిల్ తీసి ఐస్ బాక్స్‌లో పెట్టాను. కర్రికి మాత్రం జ్వరం లేదు. అది తింటోంది.

చిన్నాయనకు ఫోన్ చేశాను. ఆయన పందులన్నీ పోయిన వారమే పోయాయట. ఈస్టర్‌కు కోసింది రెండు రోజులుగా తిండి మానేసిన పందేనట. తినని పందిని బక్కచిక్కక ముందే కోయడం అందరూ చేసేదే. ఆయనా అదే చేశాడు. అక్కకు మొదటి పంగు పంపాడు. ఫోన్‌లో ఏడ్చాడు.

తొట్టి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఈస్టర్ రోజు అత్త ఆ నీళ్ళు నా కళ్ళ ముందే పోసింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పని కాబట్టి కంటికి ఆనలేదు. పుస్తకంలో అదే వాక్యం నేను గీత గీసి చదివాను. పచ్చిమాంసం కడిగిన నీళ్ళు పందులకు పోయరాదు అని.

అదే రోజు, సాయంత్రం

అత్తకు అంతా చెప్పాను. పైకి తెలియజేస్తే ఈ దొడ్డిలోవన్నీ, చుట్టుపక్కల కిలోమీటరులో ఉన్నవన్నీ చంపేస్తారని కూడా చెప్పాను. ఆమె చాలాసేపు ఈతాకు చీపురు పుల్లలు సర్దుతూ కూర్చుంది. తర్వాత అంది:

"కర్రి తింటా ఉండాది సెల్వి. తినేదాన్ని సంపేదేమి? నీవు సెప్పకుంటే ఎవురికి తెలుసును?"

నా చదువంతా ఈ దొడ్డి మీదే నడిచింది. ఆమె ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది, కోపమైనా వచ్చేది నాకు.

ఏప్రిల్ 11. బస్సులో

సాత్తూరు దాటింది. ఐస్ బాక్స్ ఒళ్ళో ఉంది. చెప్పకపోతే కర్రి ఇంకొన్నాళ్ళు తింటుంది. ఎదురింటి పూంగొడి పందులకు అంటుతుంది. అక్కడి నుంచి నాగలాపురం సంతకు, అక్కడి నుంచి ఎక్కడికో. జబ్బు లోపల పెట్టుకుని కేక వేయని కణాల గురించి సంవత్సరాలుగా రాస్తున్నాను. నేను కూడా అలా ఉండిపోనా?

అదే రోజు, రాత్రి

లాబ్‌కు చేరగానే మా గైడ్ డాక్టర్ రంగనాథన్ గారికి చెప్పేశాను.

ఏప్రిల్ 16

శాంపిల్ పంపిన భోపాల్ లాబ్ నుంచి రిజల్ట్ వచ్చింది. పాజిటివ్.

ఏప్రిల్ 17. కోవిల్‌పట్టి

రాయాలని లేదు. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

ఎలక్షన్ డ్యూటీలు పోగా మిగిలిన మనుషులతో టీమ్ వచ్చింది. తెల్ల సూట్లు, అద్దాలు, బూట్లు. నేనూ వేసుకున్నాను. ఇంటి చుట్టూ తాడు కట్టారు. అత్త తాడుకు అవతల, అందరితోపాటు. పూంగొడి పందులు రెండూ ముందే అయిపోయాయి. ఆమె మా గుమ్మం వైపు మన్ను చల్లి శపించింది. పరిహారం వస్తుందని ఆఫీసర్ తమిళంలో చెబుతూనే ఉన్నాడు. ఎవరూ వినలేదు.

కర్రి చిక్కలేదు. ఉచ్చు చూసి గోడలకు కొట్టుకుంది. మూతి నుంచి నెత్తురు కారింది. అది అలా అరవడం నేనెన్నడూ వినలేదు. టీమ్‌లో ఒకతను కిందపడ్డాడు. ఎండ నెత్తిమీదికి వచ్చింది. ఇంకా గట్టి తాడు తెమ్మని కేకలేస్తున్నారు.

అప్పుడు అత్త తాడు దగ్గరికి వచ్చింది. ఎవరి వైపూ చూడలేదు.

"కర్రీ, పండుకో."

రోజూ పిలిచే గొంతే. కర్రి ఆగింది. అత్త గొంతు వచ్చిన వైపు గోడ దగ్గరికి నడిచి, పక్కకి ఒరిగింది. పొట్ట గోకడానికి అత్తను లోపలికి రానివ్వలేదు. నేను మోకాళ్ళ మీద కూర్చుని గ్లౌజు చేత్తో గోకాను. సూది దిగింది. ఒకసారి కళ్ళు తెరిచి నన్ను చూసింది. ఆ అద్దాల వెనక ఉన్నది నేనని దానికి తెలియలేదు.

గుంటలో సున్నం పోసి పూడ్చారు. నేను సూట్ విప్పి వచ్చేసరికి అత్త లోపల గడియ పెట్టుకుంది.

ఏప్రిల్ 19

ఓటు వేశాను. అత్త ఫోన్ ఎత్తలేదు.

మే 4

ఇవాళా ఎత్తలేదు. చిన్నాయన వెళ్ళి చూసి వచ్చాడట. అత్త వెలి వేసినట్టు ఒక్కతే ఉంటోందట. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, అన్నీ ఇంకా కుండలో పోసి ఉంచుతోందట. పొద్దుగూకాక తీసుకెళ్ళి వేపచెట్టు మొదట్లో పారబోస్తోందట. చిన్నాయనకు అన్నం పెట్టింది కానీ మాట్లాడలేదు. నా పేరు ఎత్తలేదు.

మొదటి ప్లేట్‌తో పని అయిపోయింది. ప్రోటీన్ వేసిన కణాల కేక బాగా తగ్గింది, అనుకున్నట్టే. మంచి డేటా అని గైడ్ గారు మెచ్చుకున్నారు. దాచిన సగం కూడా బయటికి తీయమన్నారు. కర్రి ఇంకా అక్కడ ఉంది కదా అని అప్పుడు తట్టింది నాకు.

మే 8

నైట్రోజన్ నుంచి తీసి కరిగించి ప్లేట్‌లో వేశాను. చాలావరకు బతికాయి. ప్రోటీన్ ఇంకా వేయలేదు. గైడ్ గారిని కొన్నాళ్ళు ఆగమన్నాను, కారణం చెప్పలేదు.

మే 12. లాబ్, పొద్దున

అత్త ఫోన్ చేసింది. బాగున్నావా అని అడగలేదు.

"దానికి కూడు పెడితివా?"

పెట్టానన్నాను.

"తినెనా?"

ఇంక్యుబేటర్ తలుపు తెరిచి చూశాను. గులాబి రంగు పసుపుకు తిరిగి ఉంది. తినింది అత్తా, అన్నాను.