గండికోట బండ దగ్గర ఖాళీ చోటు

ఏమండీ,

మీ సంవత్సరీకం ముగిసిన మర్నాడు ఒక్కదాన్నే గండికోట వెళ్ళాను. మీ పెద్ద కెమెరా బరువు నా మెడ మోయలేదు. అందుకే నా చిన్న కెమెరాను చేతిసంచిలో వేసుకున్నాను.

మీరు ఎక్కడ ఫొటో తీసినా నన్ను నిలబెట్టేవారు. గండికోటలోనూ అంతే, "ఆ బండ కాడ నిలబడుకో. మనిషి లేకుంటే లోయ యెంతుండాదో తెలీదు" అనేవారు. నేనేమైనా కొలబద్దనా అని విసుక్కునేదాన్ని. ఈసారి మీరు నిలబడండి, నేను తీస్తానంటే, "ఆ ఆటబొమ్మతోనా?" అని నవ్వేవారు.

నిన్న అదే బండకు ఎదురుగా నిలబడ్డాను. మేకలు తోలుకొస్తున్న ఒకామె ఆగి, "ఒక్కదానివే వచ్చినావా అవ్వా? నేను నిలబడుకోనా?" అంది.

"వద్దమ్మా. ఆ చోటు ఒకరిది" అన్నాను.

"ఉత్త బండకు ఫొటో ఏందవ్వా!" అనుకుంటూ మేకల వెంట పోయింది.

ఇంటికి వచ్చి మన ఫొటోల పుస్తకంలో ఎప్పటిలాగే ఊరు, వేళ రాశాను. ఇన్నేళ్ళూ నా పేరే ఉన్న మనిషి గడిని మొదటిసారి ఖాళీగా వదిలేశాను.

ఆటబొమ్మ బాగానే తీసిందండీ. బండ పగుళ్ళు కూడా కనిపిస్తున్నాయి. లోయ ఎంత లోతో మాత్రం, మీరన్నట్టే, తెలియడం లేదు.