జిన్ను పట్టిందన్నారు

తమ్ముడు యూసుఫ్‌కు అక్క దువా.

మెహరున్‌కు మళ్లీ మూర్ఛ వచ్చింది. మన ఊరి ఆసుపత్రికి డాక్టరు రాక నాలుగు నెలలైంది. మీ బావ పాతపట్నం అవతల నుంచి ఒక బాబాను పిలిపించారు. ఆయన దువా చదివి తాయెత్తు కడతాడనుకున్నాను. మిరపకాయల పొగ పెట్టి, నన్ను పిల్ల కాళ్లు పట్టుకోమని, చింత బరికెతో దాని వీపు చిట్లేలా కొట్టాడు.

“అమ్మీ, నన్ను సంపేస్తన్నాడే!”

“ఆ గొంతు జిన్నుది. కాళ్లు ఒగ్గకు” అన్నాడు నాతో. నేను వదల్లేదు. పిల్ల మోచెయ్యి విరిగిన చప్పుడు విన్నాకే బరికె లాక్కుని ఆయన ముఖం మీద కొట్టాను.

ఇప్పుడు శ్రీకాకుళంలో ఉన్నాం. ఇవి ఫిట్స్ అనీ, రోజూ మాత్ర వేస్తే అదుపులో ఉంటాయనీ డాక్టరమ్మ చెప్పింది. బాబాకు ఒక కన్ను పోయిందట, నా మీద కేసు పెట్టాడు. దానికి నాకు భయం లేదు. కానీ నేను ఇచ్చిన మాత్ర మెహరున్ ఉమ్మేస్తోంది. నువ్వొచ్చి వెయ్యి.

మీ అక్క